నాలుగో గంగాళం

మరిది సోదిక్ మొహం చూడకుండా ఒక్కపూట గడిచిందంటే జుల్హుమార్‌కి ఆ పూట పండగే. మొగుడు పోయిన ఈ ఆరేళ్ళలో అలాంటి పండగలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఏం చేస్తుంది మరి, కోకంద్ ఊళ్ళోని ఆ కలకండ కార్ఖానా ఇద్దరిదీ. మొగుడు మమజాన్ పోతూ పోతూ తన సగం పెళ్ళాం పేర రాసిపోయాడు, మిగతా సగం మొదటినుంచీ తమ్ముడిది. పాకం కాచేది ఆమె, బజారులో కూర్చుని అమ్మేది అతను. రెండు సంతకాలూ పడందే అక్కడ ఒక్క ఇటుక కదలదు.

"మా వదిన నోరు తెరిస్తే పాకం విరుగుతుంది" అని సోదిక్ బజారంతా చెప్పుకు తిరుగుతాడు. "మా మరిది చెయ్యి పెడితే పంచదారైనా చేదెక్కుతుంది" అని జుల్హుమార్ పనిచేసే ఇరవైమంది ఆడవాళ్ళ ముందూ అంటుంది. ఒకరి మాట ఒకరికి సాయంత్రంలోగా చేరిపోతుంది. చేర్చేవాళ్ళకేం కొదవ!

అలాంటి మనిషి, ద్రాక్షలు పండే రోజుల్లో, ఒక పొద్దున తనంతట తానే "అమ్మేద్దాం" అంది.

సోదిక్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "ఏంటి వదినా, ఒంట్లో బాగాలేదా?"

"నీ మొహం చూసీ చూసీ విసుగొచ్చింది. చాలా, ఇంకా చెప్పాలా?"

"చాలు, చాలు. రేపే మనిషిని తెస్తా."

"ఎవర్నైనా తీసుకురా. గాడిదల సాల కట్టుకునేవాణ్ణి తెచ్చినా సరే. గైబుల్లా మాత్రం కాదు. వాడి నీడ ఈ గడపమీద పడ్డా సంతకం పెట్టను, చెబుతున్నా."

"అబ్బా, ఆ పాత గొడవేనా!" అన్నాడు సోదిక్. కానీ కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. అది ఆమె అప్పుడు పట్టించుకోలేదు, తర్వాత బాగా గుర్తొచ్చింది.

విసుగొచ్చి అమ్మడమన్నది అబద్ధం. విసుగుకైతే ఆరేళ్ళ కిందటే అమ్మేది. అసలు కారణం ఆమె చెవి.

కలకండ చేసేవాళ్ళకి చెవే దిక్కు. తీగపాకం కాచి, వరసగా దారాలు కట్టిన గంగాళాల్లో పోసి, మూతలు పెట్టి, బొంతలు కప్పి, చీకటిగదిలో కదపకుండా వదిలేస్తారు. దారాల చుట్టూ పలుకు కడుతుంది. మూడు రోజులని పేరేగానీ దానికి లెక్కేం లేదు. ఒకసారి రెండున్నర, ఒకసారి నాలుగు. ఎండనిబట్టి, నీళ్ళనిబట్టి, పంచదార ఏ బస్తాలోదన్నదాన్నిబట్టి. తొందరపడితే సూదుల్లాంటి పలుకులు తేలే నీళ్ళపాకం మిగులుతుంది. ఆలస్యమైతే మొత్తం ఒకటే గడ్డై గంగాళాన్ని కరుచుకుంటుంది, సుత్తితో కొట్టినా మసకబారిన ముక్కలే రాలతాయి. పోనీ మూత తీసి చూద్దామా అంటే, చల్లగాలి సోకిందంటే పలుకు అక్కడితో ఆగిపోతుంది. అందుకని మమజాన్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బొంత అంచు కొంచెం ఎత్తి, నడివేలి గోటితో గంగాళం నడుముమీద మూడుసార్లు మీటేవాడు. తల ఎడమకి వంచి వినేవాడు. లోపల పాకముంటే ఒక మోత, పలుకుంటే ఇంకో మోత. ఆ విద్య అతను ఇద్దరికే నేర్పాడు. ఒకరు పెళ్ళాం, రెండోవాడు గైబుల్లా.

గైబుల్లా పదేళ్ళు ఆ ఇంటి అన్నం తిన్నాడు. పని మొత్తం నేర్చుకుని, ఊరి అవతలికొసన సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. పెట్టుకోనీ, ఎవరొద్దన్నారు? మమజాన్ కలకండలో బట్టలు తెలుపుచేసే మందు కలుపుతాడని కాగితం రాసి పైకి పంపాడు, దానికి ఏడుస్తుంది ఆమె. తనిఖీవాళ్ళొచ్చి తాళం వేశారు. నాలుగు నెలలు వెతికి ఏమీ దొరక్క తాళం తీశారు. తాళం ఊడిందిగానీ మనిషి తేరుకోలేదు. బజారులో తలెత్తి నడిచే మమజాన్ గోడ పక్కనుంచి నడవడం మొదలెట్టాడు. ఆ వసంతంలోనే పోయాడు. పాడె మొయ్యడానికి గైబుల్లా వస్తే, జుల్హుమార్ మగాళ్ళందరి ముందూ గుమ్మానికి చేతులు అడ్డం పెట్టి నిలబడింది. "బతికుండగా ఆయనమీద చాడీలు మోశావుగా, చాలు, పో" అంది. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పణ్ణించి మీటేదీ వినేదీ ఆమె ఒక్కతే. పది నెలల కిందట, చలికాలంలో ఒక పొద్దున, మీటితే ఏమీ వినబడలేదు. చలికి వేలు మొద్దుబారిందేమో అనుకుని మళ్ళీ మీటింది. ఏం లేదు. మనుషుల మాటలు వినబడతాయి, సోదిక్ సణుగుళ్ళయితే మరీ బాగా వినబడతాయి, ఆ సన్నటి మోత ఒక్కటే చెవిలోంచి జారిపోయింది. ఎవరికీ చెప్పలేదు. అలాగే మీటేది, అలాగే తల వంచేది, కళ్ళు మూసుకుని కాస్త ఆగి "ఆఁ, తెరవండి" అనేది. విచిత్రమేమిటంటే దాదాపు ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది. ముప్పయ్యేళ్ళ అనుభవం మరి, ఎక్కడికి పోతుందని మురిసిపోయింది. కానీ మొన్న ఎండాకాలంలో పదిరోజుల్లో వరసగా మూడు గంగాళాలు పాడయ్యాయి. అప్పుడు ఆమెకి వణుకు పుట్టింది. పనిలో గురువని ఊరంతా ఉస్తా అని పిలిచిన మమజాన్ పెళ్ళానికి చెవుడొచ్చిందని తెలిస్తే ఊరు నవ్వుతుంది. ఊరుదాకా ఎందుకు, గైబుల్లా నవ్వుతాడు. తెలిసేలోగా అమ్మేసి తలెత్తుకుని బయటికి నడవాలి. ఆమెకి కావలసింది ఆ ఒక్కటే.

*

సోదిక్ తెచ్చిన మనిషి పేరు జఫర్. ముప్పయ్యేళ్ళవాడు, మొనదేలిన బూట్లు, పక్కపాపిడి. తాష్కెంట్‌లో సిమెంటు వ్యాపారమట, తీపి పని అ ఆలు కూడా రావట, స్థలమూ పేరూ కావాలట. పెద్దమనిషిగా పేటపెద్ద తాజీ హాజీని పిలిచారు. ద్రాక్షపందిరి కింద బల్లమంచం మీద బట్ట పరిచి పలావు పెట్టారు. మాంసం ముక్కలన్నీ సోదిక్ తన చేత్తో అతిథివైపు తోస్తుంటే, అన్న బతికుండగా వీడు ఒక్కనాడైనా ఇలా తోశాడా అనుకుంది జుల్హుమార్.

టీ మాత్రం తనే పోసింది. గౌరవించదలచిన మనిషికి గిన్నెలో మూడోవంతే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యొచ్చని. నిండా పోశారంటే తాగేసి దయచెయ్యమని. జఫర్‌కి మూడుసార్లు మూడోవంతే పోసింది. కుర్రాడు వినయంగా గుండెమీద చెయ్యి పెట్టుకుని అందుకున్నాడు. పాపం, బాగానే పెంచారు అనుకుంది కూడా.

"ఒకసారి లోపల చూస్తా అత్తా" అన్నాడు అతను తిన్నాక.

చీకటిగది ముందు ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. అక్కడే అనుమానం రావలసింది. లోపల ఏడు గంగాళాలు బొంతలు కప్పుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాయి. సోదిక్ గుమ్మంలో నిలబడి గోడలు ఎంత మందమో, కప్పు ఎంత ఎత్తో వాగుతున్నాడు. జఫర్ వింటూ వింటూ నాలుగో గంగాళం దగ్గర ఆగాడు. చెయ్యి దానంతటదే కదిలింది. బొంత అంచు ఎత్తాడు, నడివేలి గోటితో మూడుసార్లు మీటాడు, తల ఎడమకి వంచాడు.

జుల్హుమార్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. మమజాన్ చెయ్యి. వేలు మడిచే తీరు, మీటాక గాల్లో ఒక్క క్షణం అలాగే నిలపడం, అంతా మమజానే. ఆరేళ్ళ తర్వాత మొగుడి చెయ్యి కనబడింది, అది ఈ దొంగ వెధవ భుజానికి తగిలించి ఉంది!

జఫర్ తలెత్తి ఆమె చూపు చూశాడు. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

బయటికి రాగానే సోదిక్ తొందరపెట్టాడు. "హాజీ తాతా, ఇక దువా చెయ్యండి. మంచి పని ఆలస్యమెందుకు?"

దువా చేసి ఆమీన్ అని చేతులు మొహానికి రాసుకున్నారంటే బేరం అయిపోయినట్టే. తర్వాత కాగితం, సంతకం, అవన్నీ ఊరికే లాంఛనం. ఆమీన్ అన్నాక వెనక్కి పోయినవాణ్ణి ఆ వీధిలో పెళ్ళికి పిలవరు, చావుకీ పిలవరు. తాజీ హాజీ గొంతు సవరించుకుని చేతులెత్తాడు. సోదిక్ ఎత్తాడు, జఫర్ ఎత్తాడు. జుల్హుమార్ చేతులు మోకాళ్ళమీదే ఉన్నాయి.

హాజీ ఆగాడు. "చేతులెత్తమ్మా."

"ముందు ఈ అబ్బాయి తండ్రి పేరు చెప్పమనండి హాజీ తాతా."

"ఏం, సంబంధం మాట్లాడుతున్నామా ఇక్కడ?" అన్నాడు సోదిక్. నవ్వబోయాడుగానీ నవ్వు రాలేదు.

"నా తండ్రి పేరుతో పనేంటత్తా? కొనేది నేను."

"గోటితో మీటిన చెయ్యెవరిది? తాష్కెంట్‌లో సిమెంటు బస్తాలు కూడా మీటి చూసి కొంటారా?"

జఫర్ మొహం ఎర్రబడింది. కాసేపు బట్టమీద రొట్టె తుంపులు ఏరాడు. తర్వాత తలెత్తి, ఇక దాచి లాభంలేదన్నట్టు, "గైబుల్లా కొడుకుని. అయితే ఏంటి?" అన్నాడు.

తాజీ హాజీ ఎత్తిన చేతులు నెమ్మదిగా దించాడు. "సోదిక్, నీకు తెలుసా?"

"తెలుసు! తెలిస్తే ఏంటట? వాడి డబ్బుకి పురుగులు పట్టాయా? ఈవిడ పంతం కోసం నేను ముసలాణ్ణయ్యేదాకా బజారులో ఈగలు తోలుకోవాలా?"

"నీ అన్నని చంపినవాడి కొడుకురా!"

"మా అన్న గుండెజబ్బుతో పోయాడు వదినా. మీ నోటి దెబ్బకి పోకుండా అన్నాళ్ళు ఆగడమే గొప్ప!"

దారాలు కట్టే ఆడవాళ్ళు కిటికీలోంచి తలలు లోపలికి లాక్కున్నారు. జుల్హుమార్ ఏడవలేదు. టీ కెటిల్ తీసి జఫర్ గిన్నెలో పోసింది. మూడోవంతు దాటింది, సగం దాటింది, అంచుదాకా వచ్చింది, పొర్లి బట్టమీద పడింది. అప్పటికీ ఆపలేదు.

తాజీ హాజీ కర్ర ఊతం తీసుకుని లేచాడు. "డెబ్బయ్యెనిమిదేళ్ళొచ్చాయి నాకు. దువాకి ఎత్తిన చేతులు దింపించినవాళ్ళు మీరే మొదలు. ఒకడు మోసం చేస్తాడు, ఒకత్తి నలుగురిలో నిలదీస్తుంది. మీ ఇద్దరికీ ఇద్దరే సరిపోయారు. నన్నింక పిలవకండి." వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ దెబ్బ మాత్రం జుల్హుమార్‌కి బాగా తగిలింది. హాజీ ఆమె పెళ్ళికి దువా చేసిన మనిషి.

జఫర్ బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నాడు. చాలాసేపు తొడుక్కున్నాడు. లేచి, గేటుదాకా వెళ్ళి, తిరిగి చూశాడు.

"అత్తా, మీరు నన్ను తిట్టినా ఒకమాట చెప్పిపోతా. పని తెలిసినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను. ఆ నాలుగోది అయిపోయింది. సాయంత్రం దాటితే గడ్డకట్టి కరుచుకుంటుంది. మీకూ వినబడే ఉంటుందిలెండి."

"పోరా బయటికి!" అంది జుల్హుమార్.

*

సోదిక్ కూడా అతని వెనకే పోయాడు. జుల్హుమార్ చీకటిగదిలోకి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. నాలుగో గంగాళం ముందు నిలబడింది. పాకం పోసింది మొన్న మధ్యాహ్నం. రెండు రోజులే అయింది. కానీ ఈ వారమంతా మంట ఎండ, పంచదార కొత్త బస్తాది. రెండు రోజులకే అయినా అవుతుంది, చెప్పలేం.

మీటింది. వేలికి ఇత్తడి వెచ్చదనం తెలిసింది. చెవికి ఏమీ తెలియలేదు. మళ్ళీ మీటింది. తల వంచింది, ఊపిరి బిగబట్టింది. ఎవరూ చూడని ఆ గదిలో కూడా అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుంది, తనమీద తనకే అసహ్యం వేసింది.

కుక్కకి పుట్టినవాడే. అయినా ఆ చెయ్యి మమజాన్ చెయ్యి. ఆ చేతికి అబద్ధం రాదు. పైగా పనివాడన్నవాడు మనిషిమీద కోపాన్ని పాకంమీద చూపించడు. మమజాన్ ఎంత మంటమీదున్నా గంగాళాన్ని చెడగొట్టలేదు. వదిలేసి రేపు అది కరుచుకుపోతే, గైబుల్లా మీసం మెలేసి, "మావాడు చెప్పినా వినలేదు ముసలిది" అంటాడు. ఆ మాట ఊహించుకోగానే ఇక ఆగలేకపోయింది.

"ఖుమ్రీ!" అని కేకేసింది. "నలుగుర్ని తీసుకురా. నాలుగోది ఒంచాలి."

ఖుమ్రీ దారాలు కట్టే ఆడవాళ్ళకి పెద్ద. పదిహేడేళ్ళుగా అక్కడే పని. లోపలికి వచ్చి గంగాళాన్ని చూసింది, జుల్హుమార్‌ని చూసింది. "అది రేపు సాయంత్రం చూద్దామక్కా."

"ఉస్తా నువ్వా నేనా?"

"మీరే అక్కా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. ఇవాళ అందరూ నాకు నేర్పేవాళ్ళే! పట్టండి."

ఖుమ్రీ పెదాలు బిగించి బొంత లాగింది. నలుగురూ తలో వైపు పట్టి ఒంచారు. పలుకు కట్టి ఉంటే అడుగున మిగిలిన కొంచెం పాకం జారి ఆగిపోవాలి. ఇది ఆగలేదు. బంగారు రంగు పాకం ధారగా పోతూనే ఉంది, తొట్టి నిండింది, అంచు దాటి రాళ్ళమీదికి పారింది, ఆడవాళ్ళ కాళ్ళకి అంటుకుంది. చివర్లో దారాలు బయటపడ్డాయి. వాటిమీద బియ్యపు నూకల్లాగా నాలుగు పలుకులు.

చెవులున్న మనిషి ఎవరూ ఆ గంగాళాన్ని ఇవాళ తెరవరు, పాకమంటే తెలిసిన ఇరవైమంది అక్కడున్నారు. వాడు అబద్ధం చెప్పాడు. ఊరికే చెప్పలేదు, ఈమెకి వినబడుతుందో లేదో చూద్దామని చెప్పాడు. జుల్హుమార్ బోర్లించిన గంగాళంమీద కూలబడింది. పది నెలలు దాచింది, ఒక్క మధ్యాహ్నంలో మొత్తం రాళ్ళమీద పారింది.

"ఎవరికీ చెప్పకండే" అంది చివరికి. ఆ మాట అనవలసి వచ్చినందుకు నాలుక కోసుకోవాలనిపించింది.

"ఎవరికి చెప్పాలక్కా?" అంది ఖుమ్రీ. "ఇక్కడందరికీ తెలుసుగా."

"ఏం తెలుసు?"

"మీకు మోత అందట్లేదని. పోయిన చలికాలంనుంచే తెలుసు."

జుల్హుమార్ తల విసురుగా ఎత్తింది.

"రోజూ పొద్దున నేనొచ్చి, 'అక్కా, మూడోది తెరవమంటారా, ఆరోది చూస్తారా' అని అడగట్లేదా? అయినదాని పేరే అడిగేదాన్ని. ముందే మీటి చూసుకుని వచ్చేదాన్ని. మొన్న మా అమ్మాయి పురిటికని అందిజాన్ పోయాను చూడండి, ఆ పదిరోజుల్లోనే మీ మూడూ పోయాయి."

ముప్పయ్యేళ్ళ అనుభవం అనుకుని మురిసిపోయిందంతా ఇదన్నమాట! జుల్హుమార్‌కి ముందు సిగ్గు వేసింది, వెంటనే ఆ సిగ్గంతా కోపమైపోయింది. చేతికందిన బొంత తీసి ఖుమ్రీ మీదికి విసిరింది. "పది నెలలు నాటకమాడారా నాతో? నేనేమన్నా చంటిపిల్లనా? మీ జాలి నేనడిగానా?"

ఖుమ్రీ బొంత పట్టుకుని తిరిగి విసరబోయి ఆగింది. "మీరాడలేదా నాటకం? మీటడమేంటి, తల వంచడమేంటి, కళ్ళు మూసుకుని దీర్ఘం తీసి 'ఆఁ, తెరవండి' అనడమేంటి! బయట మేం కొంగులు నోట్లో కుక్కుకుని చచ్చేవాళ్ళం."

వెనకెక్కడో ఒకత్తి ఆపుకోలేక కిసుక్కుమంది. జుల్హుమార్ అటు గుర్రుగా చూసింది.

"నీకెవరు నేర్పారు మీటడం? ఆయన నేర్పలేదు, నేను నేర్పలేదు."

"పదిహేడేళ్ళు మీ వెనకాల నిలబడ్డానక్కా. చెవులు మూసుకుని నిలబడ్డానా?"

"ఇప్పుడు జీతం పెంచమంటావు కాబోలు."

"పెంచితే వద్దంటానా?"

"పో, ముందు ఆ రాళ్ళు కడిగించు. చీమలొస్తాయి" అంది జుల్హుమార్. మెత్తబడినట్టు కనబడకూడదని మొహం గోడవైపు తిప్పుకుంది. ఒక విషయం అప్పుడే తట్టింది ఆమెకి. తెలియకుండా పారిపోవాలని కదా అమ్మడం? ఇంక తెలియడానికి మిగిలిందెవరు?

*

మర్నాడు పొద్దున్నే గైబుల్లా స్వయంగా వచ్చాడు. కారు వీధిలో ఆపాడు. పక్కన కొడుకు, సోదిక్. ఇనప గేటుమీద పిడికిలితో దడదడా బాదాడు. చీకటిగదిలో గంగాళాలున్న కార్ఖానా గేటు ఎవరూ బాదరు, అదురుకి పలుకు రాలుతుంది. ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసే బాదాడు.

జుల్హుమార్ గేటు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడింది. చేతులు ఆరేళ్ళ కిందటిలాగే రెండు పక్కలా పెట్టింది. బాదుడుకి ఇరుగుపొరుగు బయటికొచ్చారు. రొట్టెల బట్టీవాడు పిండి చేతులతోనే వచ్చి నిలబడ్డాడు. తాజీ హాజీ తన గుమ్మం ముందు కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

"నాలుగోది ఎలా వచ్చింది జుల్హుమార్?" అన్నాడు గైబుల్లా, బంగారు పళ్ళు కనబడేలా నవ్వుతూ. "మావాడు మీటినప్పుడు నువ్వు వాడి చెయ్యి చూశావట. చెవులున్న మనిషైతే గంగాళం వైపు తిరుగుతుంది. ఉస్తా పెళ్ళానివి, ఆమాత్రం తెలీదూ?"

అది నిజం. అందుకే అంత మండింది. నిన్న ఆ చేతిని చూసి ఒక్క క్షణం మొగుణ్ణి తలుచుకోవడమే తను చేసిన తప్పు. ఆ తప్పు పట్టుకుని వీళ్ళిద్దరూ రాత్రంతా నవ్వుకుని ఉంటారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, చూస్తే చూడనీ అనుకుంది.

"చెవిటి ఉస్తా కాచిన పాకం ఎవడు కొంటాడు?" గైబుల్లా గొంతు వీధంతా వినబడేలా పెంచాడు. "నిన్న చెప్పిన ధరలో సగం ఇస్తా. ఇవాళే. రేపైతే అదీ ఉండదు."

జుల్హుమార్ చెయ్యి చెవికి ఆనించుకుంది. "ఏంటీ?"

"సగం ధర!"

"వినబడట్లేదు. కాస్త గట్టిగా చెప్పు. మీవాడు చెప్పలేదా నీకు, నాకు చెవుడు!"

ఏ మాట బయటపడుతుందని ఆమె పది నెలలు వణికిందో, ఆ మాట తన నోటితో తనే నడివీధిలో పడేసింది. పడేశాక చూసుకుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళూ దీనికా భయపడింది!

"సగం ధర ఇస్తానంటున్నా!" అని అరిచాడు గైబుల్లా. మెడనరాలు ఉబ్బాయి.

"ఖుమ్రీ, ఏమంటున్నాడే ఈయన?"

ఖుమ్రీ వెనకనుంచి వచ్చింది. చేతికి దారాలు చుట్టుకునే ఉంది. "బేరమాడుతున్నాడక్కా."

"బేరమా? ఎవరమ్ముతున్నార్ట?"

"ఏమో అక్కా. మనకి తెలిసినవాళ్ళెవరూ కాదు."

రొట్టెలవాడు పకపకా నవ్వాడు. "గైబుల్లా, ఇంకాస్త గట్టిగా చెప్పవోయ్!" అన్నాడు తాజీ హాజీ కుర్చీలోంచి. "ఇక్కడిదాకా సగమే వచ్చింది." అప్పుడు వీధంతా నవ్వింది. జఫర్ తండ్రి చెయ్యి పట్టుకుని లాగాడు. గైబుల్లా విదిలించుకున్నాడు, మళ్ళీ అరవబోయాడు, గొంతు పగిలి దగ్గొచ్చింది.

సోదిక్ ముందుకొచ్చాడు. "మరి నా సగం సంగతేంటి వదినా?"

"నీ సగం నీదే, కాదన్నదెవరు? చంకన పెట్టుకుపో. నా సంతకం లేకుండా అందులో ఏ గోడ నీదో, ఏ గోడ నాదో తేల్చుకోవడానికి నీకీ జన్మ చాలదు. ఈలోగా బజారుకి నడువు, కొట్టు తెరిచే వేళయింది."

సోదిక్ గైబుల్లావైపు చూశాడు. గైబుల్లా దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అరిచీ అరిచీ మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"అయ్యో పాపం, గొంతెండిపోయినట్టుంది" అంది జుల్హుమార్, గుమ్మంలోంచి అంగుళం కదలకుండా. తర్వాత వీధి చివరిదాకా వినబడేలా కేకేసింది. "ఖుమ్రీ! గైబుల్లా వచ్చాడు, టీ పట్రా. గిన్నె నిండా పొయ్యి."